బడిపంతులు, బంతి ఆట: సయ్యద్ అబ్దుల్ రహీం జీవితకథనం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లాండులో పేరుపొందిన ఔత్సాహిక క్రీడాకారులు కొందరు ఆట నుండి బడికి వెళ్లి ఉపాధ్యాయులయ్యారు. ఇరవయ్యో శతాబ్దపు హైదరాబాద్‌లో ఒక ఉపాధ్యాయుడు బడి నుండి ఆటకు వెళ్లి దేశపు ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడయ్యారు. పైకి ఈ రెండు ప్రయాణాలూ ఒకే బాటలా కనిపిస్తాయి. కాని వాటి దిశ వేరు, ఆర్థిక పునాది వేరు. సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) జీవితాన్ని విక్టోరియన్ నమూనా పక్కన నిలిపి చూడడం, ఆయన కథ నేడు చెప్పబడుతున్న తీరులో ఉపాధ్యాయుడు మరుగున పడడానికి కారణాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. రహీం శిక్షణలోని విశిష్టత బోధనావృత్తి నుండి వచ్చిందనీ, ఆ వృత్తిని వదిలి చెప్పిన కథ విజయాల పట్టికగా మిగిలిపోతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జీవితచరిత్ర, ఔత్సాహిక క్రీడ, బోధన, ఫుట్‌బాల్, హైదరాబాద్ సంస్థానం, వ్యాయామ విద్య, తెలంగాణ.

1. ఉపోద్ఘాతం

2024 ఏప్రిల్‌లో 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం విడుదలైంది. అమిత్ రవీంద్రనాథ్ శర్మ దర్శకత్వంలో అజయ్ దేవగణ్ సయ్యద్ అబ్దుల్ రహీం పాత్రను పోషించారు. క్రీడాచరిత్ర చదివే కొద్దిమందికి మాత్రమే తెలిసిన పేరు ఆ చిత్రంతో దేశమంతటా వినిపించింది. ఆ మేరకు దానికి కృతజ్ఞత చెప్పాలి. అయితే చిత్రకథ 1952 హెల్సింకీ ఒలింపిక్స్ ఓటమితో మొదలై 1962 జకార్తా ఆసియా క్రీడల విజయంతో ముగుస్తుంది. రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. కథ మొదలయ్యే నాటికి ఆయనకు నలభై రెండేళ్లు నిండాయి. ఆ నలభై రెండేళ్లలో ఆయన విద్యార్థి, ఆటగాడు, అన్నింటికీ మించి బడిపంతులు. తెరపై కథ ఎంచుకున్న కాలపరిధిలో ఆ జీవితానికి చోటు లేకపోయింది.

ఇది ఒక చిత్రానికే పరిమితమైన విషయం కాదు. క్రీడాకారుల జీవితాలను చెప్పే కథనాలన్నింటిలోనూ సాధారణంగా పతకం కేంద్రంగా ఉంటుంది. పతకానికి ముందున్నదంతా సన్నాహం, తరువాత వచ్చేదంతా ఉపసంహారం అవుతాయి. ఉపాధ్యాయ జీవితానికి ఈ చట్రం సరిపోదు. ఉపాధ్యాయుని పని ఒక రోజున ఫలించేది కాదు. అది పునరావృత్తి మీద, ఓర్పు మీద, ఇతరుల ఎదుగుదల మీద ఆధారపడుతుంది. ఒకే మనిషిలో క్రీడాకారుడూ ఉపాధ్యాయుడూ కలిసినప్పుడు జీవితచరిత్రకారుడు ఎవరి కాలమానంలో కథ చెప్పాలన్న ప్రశ్న తలెత్తుతుంది. ఆ ప్రశ్నకు మూలం విక్టోరియన్ ఇంగ్లాండులో ఉన్నది కనుక పరిశీలన అక్కడి నుండి ఆరంభించడం సముచితం.

2. విక్టోరియన్ నమూనా: ఆట నుండి బడికి

థామస్ ఆర్నాల్డ్ 1828 నుండి 1841 వరకు రగ్బీ పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా ఉన్నారు. ఆయన ప్రధాన శ్రద్ధ నీతిశిక్షణ, మతబోధనల మీదనే. కాని ఆయన శిష్యుడు థామస్ హ్యూజ్ 1857లో ప్రచురించిన 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్' నవల ఆ పాఠశాలను ఆటస్థలంతో విడదీయరానిదిగా పాఠకుల మనసుల్లో నిలిపింది. క్రీడామైదానమే శీలనిర్మాణశాల అన్న భావన ప్రచారంలోకి రావడంలో ఈ నవల పాత్ర పెద్దది. ఒక భావన చరిత్రలో స్థిరపడడానికి వాస్తవం కంటే కథనమే ఎక్కువ తోడ్పడిందనడానికి ఇది మంచి ఉదాహరణ.

1863లో ఇంగ్లాండు ఫుట్‌బాల్ సంఘం ఏర్పడి ఆటకు నియమావళి కూర్చింది. ఇరవై రెండేళ్ల తరువాత, 1885లో, ఆ సంఘమే వేతనం తీసుకుని ఆడడాన్ని అనుమతించింది. ఈ రెండు సంవత్సరాల మధ్య ఆట పెద్దింటి బడులనుండి మిల్లు పట్టణాల కార్మికుల చేతికి వెళ్లింది. ఔత్సాహికుడు అన్న మాటకు కొత్త అర్థం వచ్చింది ఈ దశలోనే. అది ఆట పట్ల ప్రేమను సూచించే మాటగా మిగలలేదు. ఆట కోసం కూలి నష్టపోగల స్థోమతను సూచించే మాట అయింది. 1882లో లండన్‌లో స్థాపితమైన కొరింథియన్ క్లబ్ ఈ ఔత్సాహిక ఆదర్శానికి ప్రతీకగా నిలిచింది.

ఆ క్లబ్‌కు చెందిన గిల్బర్ట్ ఆస్వాల్డ్ స్మిత్ (1872–1943) జీవితం ఈ నమూనాకు సంపూర్ణమైన రూపం. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన స్మిత్ 1893–1901 మధ్య ఇంగ్లాండు పక్షాన 20 అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలలో ఆడారు, జట్టుకు నాయకత్వం కూడా వహించారు. 1896లో కేంబ్రిడ్జ్‌పై జరిగిన క్రికెట్ పోటీలో 132 పరుగులు చేసి ఆక్స్‌ఫర్డ్‌ను గెలిపించారు. మరొక అంతర్జాతీయ ఆటగాడైన ఆర్థర్ డన్ 1892లో స్థాపించిన లడ్‌గ్రోవ్ పాఠశాలలో ఆయన ఉపాధ్యాయుడయ్యారు. 1902లో డన్ అకాలమరణం పొందగా, తనతో కలిసి ఇంగ్లాండుకు ఆడిన విలియం ఓక్లీతో కలిసి ఆ పాఠశాల బాధ్యతను స్వీకరించారు. స్థాపకుడూ, వారసులిద్దరూ దేశపు జట్టుకు ఆడినవారే.

ఇటువంటి జీవితాలను చెప్పేవారు సాధారణంగా వాటిని సామరస్యానికి ఉదాహరణగా చూపుతారు. మైదానంలో నేర్చిన నిజాయితీని తరగతిలో పంచారని ప్రశంసిస్తారు. అందులో సత్యం లేకపోలేదు. కాని ఆ సామరస్యం వెనుక ఒక ఆర్థిక సూత్రం ఉన్నది. వేతనం తీసుకుని ఆడడం మర్యాదస్తునికి తగదు. ఆటగాడన్న పేరుతో బడిలో ఉద్యోగం పొందడం మాత్రం తగును. అలా బడి అతని ఆటకు పరోక్షంగా మూల్యం చెల్లించింది. ఇంగ్లాండు క్రికెట్‌లో ఔత్సాహికులకూ వేతన క్రీడాకారులకూ మధ్యనున్న అధికారిక విభజన 1962 వరకు కొనసాగింది. రహీం జట్టు జకార్తాలో స్వర్ణం గెలిచిన సంవత్సరం కూడా అదే.

3. హైదరాబాద్‌లో రెండు దారులు

ఈ ఆదర్శం హైదరాబాద్ సంస్థానానికి రెండు మార్గాల్లో చేరింది. ఒకటి ఉన్నత కుటుంబాల మార్గం. దానికి ప్రతినిధి సయ్యద్ మహమ్మద్ హాదీ (1899–1971). గుల్బర్గాలో జన్మించి హైదరాబాద్ అమీరు కుటుంబ ఆశ్రయంలో పెరిగిన హాదీ కేంబ్రిడ్జ్‌లో చదివారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడారు, డేవిస్ కప్‌లో భారత్‌కు ప్రాతినిధ్యం వహించారు. 1934–35లో మొదలైన రంజీ ట్రోఫీలో తొలి శతకం ఆయనదే. హైదరాబాద్ పక్షాన మద్రాసుపై చేసినది. ఏడు ఆటల్లో ప్రావీణ్యం ఉన్నందున ఆయనను ఇంద్రధనుస్సుతో పోల్చి పిలిచేవారు. తరువాతి జీవితంలో ఆయన వ్యాయామ విద్య, క్రీడాపాలన రంగాలలో పనిచేశారు. విక్టోరియన్ నమూనాకు హైదరాబాద్‌లో అత్యంత సన్నిహితమైన జీవితం ఇదే. ఆట ముందు, విద్యారంగం తరువాత.

రెండో మార్గం సర్కారు బడి మార్గం. రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులయ్యారు. 1918లో ఉర్దూ బోధనామాధ్యమంగా స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయం సంస్థానంలోని మధ్యతరగతి యువకులకు ఉద్యోగద్వారం. చదువుతో పాటు ఆయన స్థానిక జట్లలో ఫుట్‌బాల్ ఆడారు. అనంతరం కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, చివరి రెండు బడుల్లో క్రీడల బాధ్యత చేపట్టారు. 1940ల ఆరంభంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుండి మరణించే వరకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకులుగా ఉన్నారు.

ఈ క్రమాన్ని స్మిత్, హాదీల జీవితక్రమంతో పోల్చితే తేడా స్పష్టమవుతుంది. స్మిత్‌కు ఆటగాడిగా వచ్చిన కీర్తి బడి తలుపు తెరిచింది. రహీంకు అంతర్జాతీయ ఆటగాడన్న కీర్తి లేదు. ఆయనకు ఆధారమైనది బోధన. అనుకూలతలన్నీ ఉన్న బడికి స్మిత్ తన ఆటను తీసుకువెళ్లారు. అనుకూలతలు కొరవడిన ఆటకు రహీం తన బడిని తీసుకువచ్చారు. ఆయన శిక్షణపద్ధతులను ఈ దృష్టితో చూస్తే వాటి స్వభావం బోధపడుతుంది.

4. శిక్షణలో ఉపాధ్యాయుడు

రహీం హైదరాబాద్‌లో యువ ఆటగాళ్ల కోసం ప్రత్యేక నియమాలతో పోటీలు నిర్వహించేవారు. కొన్నింటిలో బంతిని డ్రిబ్లింగ్ చేస్తూ తీసుకుపోవడం నిషిద్ధం. బంతి అందగానే సహచరునికి ఇవ్వవలసిందే. మరికొన్నింటిలో ఆటగాడు తనకు అలవాటు లేని కాలితోనే తన్నాలి. ఇవి వినోదం కోసం చేసిన మార్పులు కావు. విద్యార్థికి బాగా వచ్చినదాన్ని కాసేపు పక్కన పెట్టించి, రానిదాన్ని తప్పనిసరి చేయడం అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుని పద్ధతి. ఎక్కం అప్పగించడంలో తడబడే పిల్లవానికి అదే ఎక్కం మళ్లీ ఇచ్చే పంతులు చేసేది కూడా ఇదే.

ఆనాటి భారతీయ ఫుట్‌బాల్‌లో డ్రిబ్లింగ్‌కు ప్రత్యేక గౌరవం ఉండేది. ఒంటరిగా నలుగురిని తప్పించుకుని పోగల ఆటగాడిని ప్రేక్షకులు ఆరాధించేవారు. ఆ నేర్పును నిషేధించే పోటీని నిర్వహించడమంటే ప్రేక్షకుల రుచికి ఎదురు నిలవడమే. వ్యక్తి ప్రతిభను రద్దు చేయడం రహీం ఉద్దేశం కాదు. ఆయన జట్లలో వ్యక్తిగత నైపుణ్యం గల ఆటగాళ్లు ఎందరో ఉన్నారు. ఎప్పుడు బంతిని ఉంచుకోవాలో, ఎప్పుడు వదలాలో తెలిసినప్పుడే నైపుణ్యానికి విలువ అని ఆయన పాఠం. ఈ పాఠాన్ని ఉపన్యాసంగా చెప్పకుండా ఆట నియమంలోనే ఇమిడ్చారు. నియమం మారితే ప్రవర్తన మారుతుందన్న గ్రహింపు బోధనాశాస్త్రానికి చెందినది.

ఉపాధ్యాయుని రెండో లక్షణం ప్రతిభను గుర్తించడం కంటే దాని దారిలోని అడ్డంకిని గుర్తించడం. సికింద్రాబాద్ ప్రాంతంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పేద కుటుంబంలో పెరిగినవారు. శిక్షణ కోసం రోజూ హైదరాబాద్‌కు రావడానికి స్థోమత లేదని ఆయన అన్నప్పుడు, సైకిల్ అద్దెకు రహీం తానే డబ్బులిచ్చేవారని బలరాం చెప్పిన జ్ఞాపకం ప్రసిద్ధం. దీన్ని దాతృత్వంగా మాత్రమే చదవడం సులభం. కాని బడిపంతులు దృష్టితో చదివితే ఇది హాజరు సమస్యకు పరిష్కారం. పిల్లవాడు ఎందుకు రావడం లేదో అడిగి తెలుసుకున్న తరువాతే పాఠం మొదలవుతుంది. ఆ బలరాం 1956, 1960 ఒలింపిక్స్‌లోనూ 1962 ఆసియా క్రీడల్లోనూ భారత జట్టులో ఆడారు.

ఇక్కడ విక్టోరియన్ ఆదర్శానికీ రహీం ఆచరణకూ మధ్య ఉన్న వైరుధ్యం బయటపడుతుంది. డబ్బు ప్రస్తావన లేకుండా ఆడడం గొప్ప అన్నది ఆ ఆదర్శం. రహీం ఆటగాళ్లకు ఆ గొప్పతనం అందుబాటులో లేదు. వారికి జీతం ఇచ్చింది పోలీసుశాఖ ఉద్యోగం. లడ్‌గ్రోవ్ బడి స్మిత్‌కు చేసిన పనినే హైదరాబాద్‌లో పోలీసుశాఖ వారికి చేసిందనవచ్చు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది, డ్యూరాండ్ కప్‌నూ గెలుచుకుంది. హైదరాబాద్ జట్టు 1956–57, 1957–58లలో సంతోష్ ట్రోఫీ సాధించింది. ఈ విజయాలకు శిక్షకుని ప్రతిభ ఎంత కారణమో, నెలనెలా అందే జీతం అంతే కారణం.

5. ఓటమి పాఠ్యాంశంగా

రహీం శిక్షణలో భారత్ 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1–10 తేడాతో పరాజయం పొందింది. కొందరు ఆటగాళ్లు ఇంకా వట్టికాళ్లతో ఆడుతున్న కాలమది. చలి, తడిసిన నేల వారికి ప్రతికూలించాయి. ఆనాటి దేశవాళీ పోటీలు చాలావరకు 70 నిమిషాలకే ముగిసేవి కనుక 90 నిమిషాల ఆట శరీరానికి కొత్త. అయితే ఓడించినవారు సామాన్యులు కారు. యుగోస్లావియా ఆ ఒలింపిక్స్‌లో రజతం గెలిచింది. ఆ పరాజయం తరువాత బూట్లు ధరించడాన్ని జాతీయ సమాఖ్య తప్పనిసరి చేసింది.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం పొందింది. ఆస్ట్రేలియాపై 4–2 విజయంలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశారు. సెమీఫైనల్‌లో అదే యుగోస్లావియాపై మొదటి గోల్ భారత్‌దే. చివరకు 1–4తో ఓడింది. కాంస్యం కోసం జరిగిన పోటీలో బల్గేరియా 3–0తో గెలిచింది. ఈ నాలుగో స్థానాన్ని చెప్పేవారు సాధారణంగా వదిలేసే వివరం ఒకటుంది. మొదటి దశలో ప్రత్యర్థి హంగరీ వైదొలగడంతో భారత్ ఆడకుండానే ముందుకు వెళ్లింది. ఈ వివరం చెప్పినంతమాత్రాన ఆ ఘనత తగ్గదు. ఒలింపిక్స్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అదే. కాని పది గోల్స్ తేడాకు దగ్గరగా ఓడిన ప్రత్యర్థిపై నాలుగేళ్లలో ముందంజ వేయగలగడమే నాలుగో స్థానం కంటే పెద్ద ప్రగతి. ఉపాధ్యాయుని కొలమానం ర్యాంకు కాదు, విద్యార్థి నిన్నటికీ నేటికీ మధ్య నడిచిన దూరం.

1960 రోమ్‌లో భారత్ హంగరీతో 1–2తో ఓడింది, ఫ్రాన్స్‌తో 1–1తో సమానంగా నిలిచింది, పెరూతో 1–3తో ఓడి నిష్క్రమించింది. గణాంకాల పట్టికలో ఇది వైఫల్యం. ఆట నాణ్యతలో హెల్సింకీ నుండి రోమ్ వరకు సాగిన ప్రయాణం ఈ అంకెల్లోనే కనిపిస్తుంది.

1962 జకార్తాలో ఈ పద్ధతికి తుది పరీక్ష ఎదురైంది. భారత్ మొదటి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. తరువాత థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను, సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను ఓడించింది. రక్షణపంక్తి ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆయనను పూర్తిగా తప్పించకుండా, తన స్థానంలోనే నిలపకుండా, రహీం దాడిపంక్తి మధ్యకు మార్చారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో అదే దక్షిణ కొరియాపై భారత్ 2–1తో గెలిచింది. గోల్స్ చేసినవారు పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ప్రవేశం నిరాకరించడంపై భారతీయ ప్రతినిధి జి.డి. సోంధీ తెలిపిన అభ్యంతరం వల్ల మైదానంలో ప్రేక్షకులు భారత జట్టుపట్ల తీవ్ర వ్యతిరేకత చూపారు. ఆ వాతావరణంలో జట్టు నిలబడగలగడం ఫైనల్ ముందురాత్రి ఇచ్చిన ప్రోత్సాహం ఫలితం మాత్రమే కాజాలదు. అది పన్నెండేళ్ల అభ్యాసఫలితం.

అప్పటికే రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న మరణించారు. శిక్షకులను గౌరవించే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని ఏర్పడలేదు.

6. కథనాల తీరుపై విమర్శ

రహీం జీవితాన్ని చెప్పే కథనాలలో మూడు ధోరణులు పదేపదే కనిపిస్తాయి.

మొదటిది ప్రథమత్వ వాదం. 4–2–4 వ్యూహాన్ని బ్రెజిల్ 1958లో ప్రపంచానికి చూపడానికి ముందే రహీం అమలు చేశారన్నది తరచు వినవచ్చే మాట. ముందుపంక్తి మధ్య ఆటగాడిని వెనుకకు లాగి ఆడించడం వంటి ప్రయోగాలు ఆయన చేశారు. కాని అటువంటి ఆలోచనలు ఆ దశాబ్దంలో అనేక చోట్ల పుట్టుతున్నాయి. 1953లో వెంబ్లీ మైదానంలో ఇంగ్లాండును 6–3తో ఓడించిన హంగరీ జట్టులో హిదెగ్‌కుటి ఆ విధంగానే ఆడారు. ఎవరు ముందు అన్న వాదం రహీం ఔన్నత్యాన్ని పాశ్చాత్యుల కొలబద్దతో కొలుస్తుంది. ప్రపంచపు నూతన ఆలోచనలను చాదర్‌ఘాట్ బడిపంతులు అర్థం చేసుకుని, 70 నిమిషాల ఆటకు అలవాటుపడిన కుర్రవాళ్లకు నేర్పగలగడమే అసలు విశేషం. అనువర్తనం ఆవిష్కరణకు తీసిపోదని ఉపాధ్యాయలోకానికి తెలుసు.

రెండోది ఏకైక వీరుని నమూనా. 'మైదాన్' చిత్రం రహీంకు ప్రత్యర్థులుగా క్రీడా అధికారులనూ ఒక పత్రికారచయితనూ నిలిపింది. నాటకీయతకు సంఘర్షణ అవసరమే. రెండున్నర గంటలు దాటిన చిత్రంలోనూ అన్నీ చెప్పడం సాధ్యం కాదన్న వాదనలో న్యాయముంది. అయితే వీరుడు ఒంటరి అయిన కొద్దీ అతన్ని తయారుచేసిన వ్యవస్థలు కనుమరుగవుతాయి. రహీం వెనుక ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నది, సర్కారు బడులు ఉన్నాయి, వ్యాయామ విద్యా డిప్లొమా ఉన్నది, జీతమిచ్చే పోలీసుశాఖ ఉన్నది. ఇవన్నీ ప్రజాధనంతో నడిచిన వ్యవస్థలు. వాటిని తొలగిస్తే మిగిలేది అద్భుతం. అద్భుతం నుండి ఎవరూ నేర్చుకోలేరు.

మూడోది అంత్యకథనం. రహీం మరణంతో భారత ఫుట్‌బాల్ కూడా మరణించిందన్న వాక్యం ప్రచారంలో ఉన్నది. నివాళిగా అది హృద్యం. వాస్తవంగా అది అసంపూర్ణం. 1964 ఆసియా కప్‌లో భారత్ రెండో స్థానంలో నిలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్యం గెలిచింది. నయీముద్దీన్ తరువాత జాతీయ శిక్షకులై 1990లో ద్రోణాచార్య పురస్కారం పొందారు. రహీం వద్ద ఆడిన పి.కె. బెనర్జీ కూడా దేశం గర్వించదగిన శిక్షకులయ్యారు. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్ జట్టు సభ్యులు, తదనంతరం శిక్షకులు, అంతర్జాతీయ రిఫరీ. గురువు పాఠం శిష్యుల బోధనలో కొనసాగింది. అయినా ఆసియాలో భారత్ స్థానం క్షీణించింది. అంటే లోపం పాఠం కొనసాగకపోవడంలో లేదు. పాఠం చెప్పే బడులు పెరగకపోవడంలో ఉన్నది. అంత్యకథనం ఈ తేడాను మరుగుపరచి, వ్యవస్థ బాధ్యతను ఒక మనిషి మరణం మీదికి నెడుతుంది.

7. తెలుగు జీవితచరిత్ర, ఉత్తర తెలంగాణ సందర్భం

తెలుగులో ఆధునిక జీవితచరిత్ర రచన సంస్కర్తలు, కవులు, రాజకీయ నాయకుల చుట్టూ ఎదిగింది. 1906లో స్థాపితమైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ చరిత్ర కావడం ఆ ఆసక్తిని సూచిస్తుంది. ఆదర్శపురుషుని జీవితం జాతికి పాఠం అన్నది దాని వెనుక ఉన్న విశ్వాసం. ఆ వరుసలో ఆటస్థలానికి చోటు తక్కువ. దీనికి భిన్నమైన దృష్టిని చూపినవారు తెలంగాణకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఆయన ఆటపాటలను, వినోదాలను చరిత్రకు ఆధారాలుగా స్వీకరించారు. ప్రజలు ఎలా ఆడారో తెలియనిదే ఎలా బ్రతికారో తెలియదన్న దృష్టి ఆ గ్రంథంలో అంతర్లీనంగా ఉన్నది. రహీం వంటి జీవితాలను తెలుగులో చదవడానికి ఆ గ్రంథమే తగిన ప్రవేశిక.

భాషాసమస్య కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. రహీం చదివింది ఉర్దూ మాధ్యమంలో. ఆయన ఆటగాళ్లను కీర్తించినవారిలో బెంగాలీ, ఆంగ్ల పత్రికలవారు ముఖ్యులు. చలనచిత్రం హిందీలో వచ్చింది. తెలుగు సాహిత్యచరిత్ర హైదరాబాద్ ఉర్దూ జీవితాన్ని తన పరిధికి వెలుపలిదిగా చూడడం అలవాటైంది. కాని 1948 వరకు కరీంనగర్ జిల్లాలోని సుల్తానాబాద్ బడీ, నగరంలోని చాదర్‌ఘాట్ బడీ ఒకే సంస్థాన విద్యాశాఖ కింద ఉండేవి. తెలుగు పిల్లలు అనేకులు ఆ ఉర్దూ బడుల్లోనే చదువుకున్నారు. ఆ పంతుళ్ల చరిత్ర తెలుగువారి విద్యాచరిత్రలో భాగమే.

ఈ కారణంగా రహీం జీవితపరిశీలన ఉత్తర తెలంగాణ పరిశోధకులకు ఒక కార్యక్రమాన్ని సూచిస్తుంది. సుల్తానాబాద్, పెద్దపల్లి, మంచిర్యాల, ఆదిలాబాద్ వంటి చోట్ల పాత బడుల హాజరు పట్టీలు, తనిఖీ నివేదికలు, బహుమతుల జాబితాలు, పూర్వవిద్యార్థుల మౌఖిక జ్ఞాపకాలు జీవితచరిత్రకు ఆధారాలు కాగలవు. ఊరివారు డ్రిల్లు మాస్టారు అనీ, పిల్లలు పీఈటీ సార్ అనీ పిలిచే ఉపాధ్యాయుని గురించి ఎవరూ గ్రంథం రాయరు. పరీక్షలు దగ్గరపడగానే ఆటల పీరియడ్‌ను గణితానికి ఇచ్చివేయడం అందరికీ పరిచితమే. విద్యలో ఆట స్థానం ఏమిటన్న ప్రశ్నకు సమాజం రోజూ ఇస్తున్న జవాబు అది. పతకం వచ్చిన రోజున మాత్రం అదే సమాజం గురువు ఎవరని అడుగుతుంది. రహీం కథలో బడిని వదిలివేయడానికీ, బడి కాలపట్టికలో ఆటను వదిలివేయడానికీ మూలం ఒక్కటే. రెండింటిలోనూ ఫలితానికున్న విలువ ప్రక్రియకు లేదు.

8. ముగింపు

విక్టోరియన్ ఔత్సాహిక క్రీడాకారుడు ఉపాధ్యాయుడైనప్పుడు ఆటలో గడించిన గౌరవం బడికి బదిలీ అయింది. హైదరాబాద్‌లో హాదీ జీవితం ఆ నమూనాకు సన్నిహితంగా సాగింది. రహీం జీవితం దాన్ని తలకిందులు చేసింది. ఆయన బడిలో నేర్చిన ఓర్పును, క్రమాన్ని, తప్పును పాఠంగా మార్చే నేర్పును ఆటకు బదిలీ చేశారు. డ్రిబ్లింగ్ లేని పోటీలు, అలవాటు లేని కాలితో ఆటలు, బలరాం సైకిల్ అద్దె, కొరియా చేతిలో ఓడిన జట్టునే కొరియాపై గెలిపించడం – ఇవన్నీ ఒకే బోధనాదృష్టికి వేర్వేరు రూపాలు.

ఆయన జీవితాన్ని 1952 నుండి 1962 వరకు పది సంవత్సరాల విజయగాథగా చెప్పడం తప్పు కాదు, కాని చాలదు. పతకాల కాలమానం పక్కన బడి కాలమానాన్ని కూడా ఉంచినప్పుడే అటువంటి జీవితం పూర్తిగా అర్థమవుతుంది. జకార్తా పతకం ఆ రోజు ఆడిన పదకొండుమందిది. దానికి దారితీసిన అభ్యాసం కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో మొదలైంది. తెలుగులో రహీం జీవితచరిత్ర రాయబూనే పరిశోధకులు హెల్సింకీ కంటే ముందు ఆ బడులకు వెళ్లవలసి ఉంటుంది.